భూమి లేనివాళ్ళ కోత పండుగ

చర్చి అనగానే మనలో చాలామందికి మెదక్ చర్చి కళ్ళముందు మెదులుతుంది. 175 అడుగుల గోపురం, రంగుటద్దాల కిటికీలు, ఏటా క్రిస్మస్ నాడు పత్రికల్లో వచ్చే ఫోటో! ఆ వైభవాన్ని కాదనడం లేదు. కానీ నేనిప్పుడు చెప్పబోయే చర్చికి గోపురం లేదు. సున్నం కొట్టిన నాలుగు గోడలు, పైన రేకులు, వాకిట్లో వేపచెట్టు, దాని కొమ్మకు వేలాడదీసిన రైలుపట్టా ముక్క. ఆ ముక్కను ఇనపకడ్డీతో కొడితే అదే గంట. వికారాబాదు నుంచి తాండూరు వెళ్ళే దారిలో, కందిచేల మధ్య పల్లెల్లో, ఇలాంటి మెథడిస్టు చర్చీలు ఊరికి కాస్త ఎడంగా, వాడల్లో కనిపిస్తాయి. అక్కడివాళ్ళు చర్చి అనరు, ‘గుడి’ అంటారు. ‘గుడికి పోయొస్తం’ అంటే మనం ఏ హనుమంతుడి గుడికో అనుకుంటాం.

నాతో బి.ఏ. చదివిన స్నేహితురాలి అత్తవారిది ఆ ప్రాంతం. ఆమె పుణ్యమా అని నాలుగైదుసార్లు, వేరువేరు కాలాల్లో, అలాంటి ఒక చర్చికి వెళ్ళాను. కథలు రాసేవాళ్ళకు ఒక దురలవాటు ఉంటుంది చూశారూ, ఎక్కడికి వెళ్ళినా ‘ఇది ఎందుకిలా?’ అని అడగకుండా ఉండలేరు. పట్నంలో ఆదివారం పొద్దున జరిగే ఆరాధన ఆ ఊళ్ళో చాలాకాలం రాత్రిపూట జరిగేదట. ఎందుకని అడిగితే స్నేహితురాలి అత్తగారు, ఎనభై దాటిన మనిషి, నావంక జాలిగా చూసి, “పగటీలి మేము గుడిల గూసుంటే పటేలు చేన్ల కలుపు ఎవరు దీస్తరు బిడ్డా?” అన్నారు.

ఆ ఒక్క మాటతో సగం చరిత్ర తెలిసిపోయింది నాకు. ఆ చర్చికి రెండు క్యాలెండర్లున్నాయి. ఒకటి ఇంగ్లండులో పుట్టి, అమెరికా చుట్టి వచ్చినది. రెండోది పొలం వేసిన క్యాలెండరు. ఈ రెండో దాని ముందు మొదటిది ఎప్పుడూ తల వంచవలసిందే!

ముందు మొదటి దాని సంగతి చూద్దాం. మెథడిస్టు అనే మాట నిజానికి ఒక వెక్కిరింత. 1730 ప్రాంతంలో ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయంలో జాన్ వెస్లీ, ఆయన తమ్ముడు ఛార్లెస్, మరి కొందరు కుర్రాళ్ళు వేళకు ప్రార్థన, వేళకు ఉపవాసం, వేళకు జైల్లో ఖైదీల పరామర్శ, ఇలా అన్నీ పద్ధతి ప్రకారం చేస్తూంటే, తోటి విద్యార్థులు ‘పద్ధతిగాళ్ళు’ అని ఎగతాళి చేశారు. ఆ పేరే నిలిచిపోయింది. మన ఇళ్ళల్లో పెట్టిన ముద్దుపేర్లూ వెక్కిరింత పేర్లూ చివరికి అసలు పేర్లయి కూర్చోవడం లేదూ, అలాగే అనుకోండి.

జాన్ వెస్లీని గురించి చరిత్రకారులు పుటలు పుటలు రాశారు. నాకు మాత్రం ఆయన తల్లి సుసన్నా మీద గురి ఎక్కువ. పందొమ్మిది మంది బిడ్డలను కని, తొమ్మిది మందిని పసితనంలోనే పోగొట్టుకున్న ఇల్లాలు. భర్త ఎప్‌వర్తు అనే పల్లెలో పాదిరీ. 1711–12 చలికాలంలో ఆయన పనిమీద లండన్లో ఉండిపోయాడు. ఆయన చోట ప్రసంగం చెయ్యడానికి వచ్చిన చిన్న పాదిరీ చెప్పేది ఆమెకు రుచించలేదు కాబోలు, ఆదివారం సాయంకాలాలు వంటింట్లో తన పిల్లలనూ పనివాళ్ళనూ కూర్చోబెట్టుకుని ఒక ప్రసంగం చదివి ప్రార్థన చేయడం మొదలుపెట్టింది. పనివాడి తల్లిదండ్రులు వస్తామన్నారు. తర్వాత ఇరుగుపొరుగు. చూస్తూండగా రెండు వందల మంది! గుమ్మం బయట నిలబడి వినేవారట. చిన్న పాదిరీకి కోపం వచ్చి లండన్‌కు ఫిర్యాదు రాశాడు. ‘ఆడదానివి, ఇదంతా నీకెందుకు, మానెయ్యి’ అన్న ధోరణిలో భర్త ఉత్తరం రాశాడు. ఆమె ఇచ్చిన జవాబు సారాంశం ఇది: మానమని మీకు కోరికగా ఉందని రాస్తే చాలదు, మానమని స్పష్టంగా ఆజ్ఞ ఇవ్వండి, రేపు దేవుడి ముందు నిలబడి జవాబు చెప్పుకోవలసిన బాధ్యత మీ మీద ఉంటుంది. ఆజ్ఞ రాలేదు. ప్రార్థనలు ఆగలేదు. అప్పటికి జాన్‌కు ఎనిమిదేళ్ళు. ఆ వంటింట్లో ఓ మూల కూర్చుని ఈ వ్యవహారమంతా చూసిన పిల్లవాడే పెద్దయ్యాక దేవుణ్ణి చర్చి గోడల బయటికి తీసుకొచ్చాడంటే, ఆ విద్య ఎక్కడ నేర్చాడో వేరే చెప్పాలా?

బయటికి తేవడమంటే అక్షరాలా బయటికే. 1739లో బ్రిస్టలు పట్నం పక్కన కింగ్స్‌వుడ్ బొగ్గు గనుల కూలీలకు ఆరుబయట బోధించాడు. వాళ్ళకు సరైన గుడి లేదు, గుళ్ళోకి రావడానికి తగిన బట్టలూ లేవు. ఈ కూలీల దగ్గరే రెండు ఆచారాలు పుట్టాయి. గనుల్లో వారమంతా పనిచేసి శనివారం రాత్రి సారా దుకాణంలో తెల్లవార్లూ గడిపే అలవాటున్నవాళ్ళు, మనసు మారాక ఆ రాత్రే ప్రార్థనలో గడపసాగారు. వెస్లీకి ఇది నచ్చింది. నెలకోసారి, పౌర్ణమికి దగ్గరగా వచ్చే శుక్రవారం నాడు జరపమన్నాడు. ఎందుకో తెలుసాండీ? అర్ధరాత్రి దాటాక ఇళ్ళకు నడిచి వెళ్ళేవాళ్ళకు వెన్నెల తోడుంటుందని! తర్వాత తర్వాత అది డిసెంబరు 31 రాత్రికి మారింది. ఈనాడు మన ఊళ్ళల్లో ప్రతి చర్చిలోనూ కొత్త సంవత్సరపు రాత్రి జరిగే కూడికకు మూలం ఆ బొగ్గు కూలీల వెన్నెల రాత్రులు.

రెండోది పెన్నీ. బ్రిస్టల్లో కట్టుకున్న ప్రార్థనా మందిరానికి అప్పు మిగిలిపోయింది. 1742లో ఒక సభ్యుడు లేచి, ‘మనిషికి వారానికి ఒక్క పెన్నీ ఇద్దాం, ఇవ్వలేనివాళ్ళ వంతు నేను వేసుకుంటాను’ అన్నాడు. పన్నెండేసి మందికి ఒక నాయకుడు, ఇంటింటికీ తిరిగి పెన్నీ వసూలు. తీరా ఇంటింటికీ తిరిగేసరికి ఎవరింట్లో జబ్బు, ఎవరింట్లో జగడం, ఎవరు మళ్ళీ తాగుతున్నారు అన్నీ తెలిశాయి. డబ్బు కోసం వేసిన ఏర్పాటు మనుషుల మంచిచెడ్డలు కనుక్కునే ఏర్పాటు అయింది. మెథడిస్టు సంఘమంటే అసలు అదే.

సముద్రం దాటి అమెరికా వెళ్ళిన మెథడిజంలోనూ ఈ చిల్లర లెక్కే నడిచింది. 1869 మార్చిలో బోస్టన్‌లో కొందరు మెథడిస్టు స్త్రీలు చేరి ఒక సంఘం పెట్టారు. సభ్యత్వం ఏడాదికి ఒక డాలరు. వారానికి రెండు సెంట్లు పక్కన పెడితే సరిపోతుంది. ఆ డబ్బుతో అదే ఏడు చివర ఇద్దరు అమ్మాయిలను మన దేశానికి పంపారు. ఒకరు ఇసబెల్లా థోబర్న్, లక్నోలో ఆమె పెట్టిన చదువు ఈనాడు ఆమె పేరుతోనే కళాశాలగా ఉంది. రెండోవారు క్లారా స్వెయిన్, 1870లో బరేలీ చేరిన డాక్టరమ్మ. హైదరాబాదులో ఆబిడ్సు దగ్గరున్న స్టాన్లీ బాలికల పాఠశాల 1895లో మొదలైంది కూడా మెథడిస్టు స్త్రీల చలవే.

మన తెలంగాణకు మెథడిజం రెండు దారుల్లో వచ్చింది. 1879 నుంచి సికింద్రాబాదు కేంద్రంగా పనిచేసిన ఇంగ్లండు వెస్లియనులది ఒక దారి. కరువు రోజుల్లో పనికి తిండి పెట్టి మెదక్ చర్చిని కట్టించిన ఛార్లెస్ వాకర్ పోస్నెట్ ఈ శాఖవాడు. 1914లో మొదలుపెట్టి, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించారు. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు వీరంతా అందులో కలిసిపోయారు, మెథడిస్టు అన్న పేరు వదులుకున్నారు. అమెరికా మెథడిస్టులది రెండో దారి. హైదరాబాదు, వికారాబాదు, తాండూరు, జహీరాబాదు, బీదరు వైపు పల్లెలు వీరివి. వీరు ఆ కలయికలో చేరలేదు. 1981 జనవరిలో అమెరికాతో పాలన సంబంధం తెంచుకుని ‘మెథడిస్ట్ చర్చ్ ఇన్ ఇండియా’గా నిలబడ్డారు. అందుకే మెదక్ చర్చిలో కనిపించని ఆ పేరు తాండూరు దారిలో రేకుల చర్చి గోడమీద కనిపిస్తుంది.

ఇక పొలం వేసిన క్యాలెండరు.

జూన్‌లో తొలకరి పడితే గుడి పలచబడుతుంది. విత్తడం, కలుపు తీయడం, నాట్లు. ఇవన్నీ ఆడవాళ్ళ చేతుల మీద నడిచే పనులు. ఆ నెలల్లో రాత్రి ప్రార్థనకు వచ్చినవాళ్ళు కూర్చున్నచోటే కునికిపాట్లు పడతారు. “అయ్యగారు వాక్యం చెప్తుంటె మా తలకాయలు దేవునికి దండం పెట్టినట్టె వంగుతుండె” అని పెద్దమ్మ నవ్వారు. అందుకే ఉపన్యాసం కంటే అక్కడ కీర్తన, భజన ఎక్కువ నిలిచాయి. డోలక్కు, తాళాలు మోగుతుంటే నిద్ర రాదు గదా! చదువు రానివాళ్ళకు పాటే పుస్తకం. పాత రోజుల్లో ఈ పాటలు నేర్పినవాళ్ళు ‘బైబిలు స్త్రీలు’. చాలామంది వితంతువులు, కాస్త అక్షరం ముక్క నేర్చినవాళ్ళు. చేతిసంచీలో పుస్తకం పెట్టుకుని, ఊరూరూ నడిచి, వాకిట్లో చింతపండు గింజలు తీస్తున్న ఆడవాళ్ళ పక్కన కూర్చుని, తామూ నాలుగు గింజలు తీస్తూ చదువు చెప్పిన మనుషులు. ఆనాడు వితంతువుకు గౌరవంగా బతకడానికి ఎన్ని దారులున్నాయో మనకు తెలియనిది కాదు. మిషనరీల పేర్లు శిలాఫలకాల మీద ఉన్నాయి. వీళ్ళ పేర్లు ఏ ఫలకం మీదా నాకు కనిపించలేదు.

నవంబరు వచ్చేసరికి కంది పూత మీద ఉంటుంది. అప్పుడు ధారూరు జాతర. అవునండీ, క్రైస్తవుల జాతర! వికారాబాదు దగ్గర ధారూరులో 1920ల నుంచి ఏటా నవంబరులో కొన్ని రోజులపాటు మెథడిస్టులు జరుపుకుంటారు. అమెరికాలో 1800, 1801 ప్రాంతాల్లో కెంటకీ అడవుల అంచున ఒక వింత పద్ధతి మొదలైంది. చర్చీలు దూరం, పాదిరీలు తక్కువ. అందుచేత రైతులు పెళ్ళాం బిడ్డలతో బళ్ళు కట్టుకుని వచ్చి, గుడారాలు వేసుకుని, రోజుల తరబడి ప్రార్థనలూ పాటలూ సాగించేవారు. ఈ సంగతి విన్న మన తెలంగాణ మనిషి ఏమంటాడు? ‘ఇందులో కొత్తేముంది, ఇది జాతరే గదా’ అంటాడు. బళ్ళు కట్టుకుని పోవడం, చెట్టుకింద పొయ్యి పెట్టడం, పిల్లలకు గాజులు, బూరలు కొనడం, ఆరునెలలుగా చూడని చెల్లెలిని పట్టుకుని ఏడవడం మనకు కొత్తా! ఎక్కడో ఏడుసముద్రాల అవతల పుట్టిన ఆచారానికి తెలుగు పేరు ముందే తయారుగా ఉంది. పెళ్ళిసంబంధాలు కూడా అక్కడే కుదురుతాయని స్నేహితురాలు చెప్పింది. తన సంబంధం అలా కుదిరిందేనట, కాలేజీలో ఉండగా ఈ ముక్క నాతో అనలేదు చూడండి!

క్రిస్మస్ సంగతి మీకు తెలిసిందే, ఎక్కువ చెప్పను. వెదురు బద్దలతో కట్టి రంగు కాగితాలు అంటించిన నక్షత్రం, రాత్రుళ్ళు ఇంటింటికీ పాటలు, గోడలకు సున్నం, అరిసెలు. ఆ తర్వాత వారానికి ఆ కింగ్స్‌వుడ్ రాత్రి. దాని వెంట నిబంధన ఆరాధన. దేవుడితో ఒప్పందం మళ్ళీ రాసుకోవడం అన్నమాట. వెస్లీ దీన్ని 1755లో మొదలుపెట్టాడు. నీ ఇష్టప్రకారం నన్ను పనిలో పెట్టుకో, లేదా పక్కన పెట్టెయ్యి అన్న అర్థం వచ్చే మాటలు అందులో ఉంటాయి. ఏడాదికింతని పటేలు దగ్గర జీతం కుదుర్చుకున్న మనుషులు ఆ మాటలను ఎలా విని ఉంటారో అని నాకు అనిపించింది. ఊళ్ళో చేసుకున్న ఒప్పందానికి చిన్ననాడు తండ్రి చేసిన అప్పు కారణం. ఇక్కడ ఒప్పందం తను నోరారా పలికి, తనంతట తాను చేసుకున్నది. తేడా వాళ్ళకు తెలియకుండా ఉంటుందా?

ఎండలు ముదిరేముందు మట్టల ఆదివారం. ఇంగ్లండులో ఖర్జూరపు మట్టలు దొరక్క అవస్థపడతారు. మనకు ఈతచెట్లకు కొదవా! ముందురోజే కల్లుగీసే గౌడన్నను అడిగి మట్టలు తెచ్చుకుంటారు. కల్లు చెట్టు మట్టలతో ప్రభువుకు స్వాగతం ఏమిటని ఎవరూ అనుకోరు. ఈస్టరు నాడు చీకటితోనే సమాధుల దగ్గరికి పూలు తీసుకుని వెళతారు.

వీటన్నిటిలో నా మనసుకు పట్టింది కోత పండుగ.

దీని పుట్టుక కూడా ఇంగ్లండే. 1843లో కార్న్‌వాల్ తీరాన మార్విన్‌స్టో అనే పల్లెలో రాబర్ట్ స్టీఫెన్ హాకర్ అనే పాదిరీ, కొత్త పంట వచ్చింది, దేవుడికి కృతజ్ఞత చెప్పుకుందాం రండని ఊరివారిని పిలిచి, కొత్త ధాన్యంతో చేసిన రొట్టెను ప్రభు సంస్కారంలో పంచాడు. ఆయన మెథడిస్టు కాడు, ప్రభుత్వ మతశాఖవాడు. అయినా ఈ పండుగను మెథడిస్టులే గట్టిగా పట్టుకున్నారు. పల్లె మందిరాల్లో కిటికీ గట్ల మీద సొరకాయలు, ఆపిలు పళ్ళు, గోధుమ పన ఆకారంలో కాల్చిన పెద్ద రొట్టె. అక్కడ ఇచ్చేవాళ్ళలో సొంత చేను ఉన్నవాళ్ళు కొందరైనా ఉంటారు.

ఇక్కడ? నిజాం పాలనలో ఈ పల్లెల్లో భూమి ఎవరి చేతుల్లో ఉండేదో, వెట్టి ఎవరు చేసేవారో మనం చదువుకున్నదే. ఈ చర్చిలో చేరినవాళ్ళు దాదాపు అందరూ మాల, మాదిగ కుటుంబాలవాళ్ళు. ఊరి బావిలో చేద వెయ్యనివ్వని మనుషులు. పంట వాళ్ళది కాదు. మరి పంటల పండుగ వాళ్ళదెలా అయింది?

పెద్దమ్మను అడిగాను. “మాకు చేనున్నదా చెలకున్నదా బిడ్డా? కోసింది మేమే, కట్టింది మేమే, కొట్టింది మేమే. కుప్ప పటేలుది. మాకు కూలి అడ్డెడు జొన్నలు. కోసినంక చేన్ల పరిగె ఏరుకుంటుంటిమి. గా పరిగె గింజలే శాటల వోసుకొని గుడికి దెస్తుంటిమి.”

పరిగె! ఈ మాట మన పట్నాల్లో ఎవరికీ గుర్తులేదు. కోత అయ్యాక చేలో రాలిన, మిగిలిన కంకులను పేదవాళ్ళు ఏరుకోవడం. తెలుగు బైబిల్లో కూడా ఇదే మాట. కోత పండుగ నాడు అక్కడ తప్పకుండా చెప్పే కథ రూతు కథ. మన మాటల్లో చెప్పాలంటే ఒక అత్తాకోడళ్ళ కథ. మొగుడు పోయాడు, పిల్లలు లేరు. పుట్టింటికి పొమ్మని అత్త నయోమి బతిమాలినా కోడలు పోలేదు. పరాయి ఊరు వచ్చి, బోయజు అనే ఆసామి చేలో పరిగె ఏరి అత్తను పోషించింది. ఈ కథను నేను ఇంగ్లీషు క్లాసులో సాహిత్యంగా చదువుకున్నాను. పరిగె ఏరిన చేతులున్న ముప్పై నలభై మంది ఆడవాళ్ళ మధ్య కూర్చుని విన్నప్పుడు అది సాహిత్యంలా లేదు. పాస్టరు గారు ‘ఆమె పొద్దటినుంచి వంగి ఏరింది’ అనగానే, నా పక్కనున్నావిడ తన నడుం మీద చెయ్యి వేసుకుంది.

ఏడాది పొడుగునా సాగే మరో ఆచారం పిడికెడు బియ్యం. అన్నానికి ఎసరు పెట్టినప్పుడల్లా, బియ్యం కడిగేముందు ఒక పిడికెడు తీసి వేరే కుండలో వెయ్యాలి. వారం చివర ఆ కుండ గుడికి వెళ్ళాలి. పాస్టరు గారి ఇంటికి కొంత, జబ్బు పడ్డ ఇంటికి కొంత, మిగిలింది అమ్మి సంఘం ఖర్చులకు. బ్రిస్టలు పెన్నీ, బోస్టన్ డాలరు, ఈ పిడికెడు, మూడూ ఒక జాతివే. ఒక తేడా ఉంది. కుండలో బియ్యం ఎన్నున్నాయో మొగుడికి తెలియదు, అత్తకు తెలియదు, వండే మనిషికే తెలుసు. ఇంట్లో రూపాయి చేత్తో ముట్టని కోడలు కూడా ఈ పిడికెడుకు యజమానురాలు. గింజలు తక్కువైన రోజున ఏం చేసేవారని అడిగాను. “గారోజు నా పిడికిలి శిన్నగైతుండె” అన్నారు పెద్దమ్మ.

పండుగ నాడు తెచ్చినవన్నీ బలిపీఠం ముందు పోగుపడతాయి. కంది, జొన్న, పెసలు, గుమ్మడికాయలు, గుడ్లు, కాళ్ళు కట్టిన కోడిపుంజు. ఆ పుంజు సరిగ్గా ప్రార్థన మధ్యలో కూసింది, పిల్లలు నవ్వు ఆపుకోలేకపోయారు. తర్వాత వేలం. వేలంపాట ఎంత సరదాగా ఉంటుందో చూసితీరాలి. గుమ్మడికాయ యాభై రూపాయల దగ్గర మొదలైంది. ఇద్దరు తోడికోడళ్ళు తమ తమ మొగుళ్ళను మోచేతులతో పొడుస్తూ మూడు వందలకు తెచ్చారు. నెగ్గినావిడ ఆ కాయను తల మీద పెట్టుకుని ఇంటికి పోతుందనుకున్నాను. తిరిగి బలిపీఠం ముందు పెట్టేసింది! అది మళ్ళీ వేలానికి వచ్చింది. అలా ఆ గుమ్మడికాయ నాలుగుసార్లు అమ్ముడుపోయింది.

బజార్లో ఎంత చేస్తుందో లెక్కవేసే నా పట్నపు బుద్ధికి మొదట ఇది పిచ్చిగా తోచింది. ఆలోచిస్తే తెలిసింది. ఏడాదంతా పటేలు కల్లంలో కొంగు పట్టి నిలబడిన మనిషి ఈ ఒక్కరోజు ఇచ్చే స్థానంలో నిలబడుతుంది. ఊరంతా చూస్తూండగా మూడు వందలు పలికి, ఆ కాయ కూడా నాకక్కర్లేదు పొమ్మంటుంది. భూమి ఉన్నవాడు పంటకు కృతజ్ఞత చెప్పుకోవడంలో పెద్ద విశేషం ఏముంది చెప్పండి!

వేలం తర్వాత భోజనం. దాన్ని ‘ప్రేమ విందు’ అంటారు. మొరేవియన్లనే శాఖవారి దగ్గర చూసి వెస్లీ తన సంఘంలో పెట్టిన ఆచారమిది. ఇంగ్లండులో రొట్టెముక్క, రెండు పిడుల గిన్నెలో నీళ్ళు, అంతే. మనవాళ్ళు దాన్ని అన్నం, పప్పు, మాంసం కూర చేశారు. ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఈ విందు ఒక్కటే పంక్తిలో జరగడం అంత తేలిగ్గా రాలేదు. ఊరివాళ్ళు వాడను దూరం పెడితే, వాడలో మాలలూ మాదిగలూ ఒకరితో ఒకరు తినేవారు కారు. కొన్నిచోట్ల చర్చిలో కూడా ఎడంగానే కూర్చునేవారు. పెళ్ళిళ్ళ దగ్గర ఆ పట్టింపు ఇప్పటికీ పూర్తిగా పోలేదని స్నేహితురాలే ఒప్పుకుంది. ఊరి అమ్మవార్ల కొలుపులూ ఒక్కసారిగా మానలేదు. మెదక్ వైపు పల్లె క్రైస్తవుల జీవితాన్ని దగ్గరగా చూసి పి. వై. లూక్, జాన్ కార్మన్ 1968లో వెలువరించిన పుస్తకంలో ఈ రెండు ప్రపంచాల కాపురం గురించి వివరంగా ఉంది. కొందరు పాస్టర్లు దీన్ని చూసి నొచ్చుకుంటారు. బిడ్డకు అమ్మవారు పోసినప్పుడు తల్లి ఏ గడప తొక్కకుండా ఉంటుందీ? నేనైతే తప్పు పట్టలేను.

అన్నట్టు, సంఘం రిజిస్టరు చూపించారు. అందులో మరియమ్మ, రూతమ్మ, ఎస్తేరు. అదే మనిషి బడి రికార్డులో లక్ష్మి, బాలమణి, యాదమ్మ. ఎందుకో అర్థం కావాలంటే 1950 ఆగస్టు 10 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు తెలియాలి. షెడ్యూల్డు కులాల జాబితా హిందువులకే పరిమితమని అందులో ఉంది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు, క్రైస్తవులను చేర్చలేదు. మన రాష్ట్రంలో వీరిని వెనుకబడిన తరగతుల్లో ‘సి’ గ్రూపు కింద పెట్టి, ఒక్క శాతం ఇచ్చారు. మతం మారితే ఊరి బావి దగ్గర కులం మారలేదు. మారింది కాగితం మీదే. ఆ కాగితం కావాలి కొడుకు చదువుకు, కూతురి హాస్టలుకు. అలా రెండు పేర్లతో బతకడం అబద్ధం కదా అని ఎవరైనా అంటే, పరిగె ఏరుకున్నవాళ్ళ మనుమరాలిని కాలేజీ మెట్లు ఎక్కించడానికి ఆ తల్లికి మరో దారి చూపించమనండి. ఆవిడకు బలిపీఠం ముందు వంగినప్పుడు ఎంత బరువుగా ఉంటుందో ఆవిడకు తెలుసు.

ఇప్పుడు కాలం మారింది. కొందరికి ఎకరమో రెండెకరాలో సర్కారు పట్టా వచ్చింది. బియ్యం రేషను దుకాణం నుంచి వస్తున్నాయి. కోత యంత్రం తిరిగిన చేలో పరిగె మిగలదు. ఆడపిల్లలు హైదరాబాదులో నర్సులుగా, టీచర్లుగా ఉన్నారు. కోత పండుగకు రాలేనివాళ్ళు ఫోనులోనే డబ్బు పంపుతారు. వేలంపాట కూడా ఫోనులో పాడుతున్నారు! అన్నయ్య చెవి దగ్గర ఫోను పెట్టుకుని, ‘చెల్లె అయిదొందలంటుంది’ అని అరుస్తాడు. అక్కడ ఆసుపత్రి వరండాలో నిలబడి ఆ పిల్ల ఏ కాయ పాడుతోందో కూడా చూడదు. సుసన్నా వంటింటికి వచ్చిన అభ్యంతరం తీరడానికి మాత్రం చాలా కాలం పట్టింది. అమెరికా మెథడిస్టులు స్త్రీలకు పాదిరీలుగా పూర్తి హక్కులిచ్చింది 1956లో. మన పల్లె చర్చీల్లో వాక్యం చెప్పేది ఎక్కువగా అయ్యగార్లే. అయితే గంట కొట్టేది, దీపం పెట్టేది, చాపలు పరిచేది, పిడికెడు లెక్క రాసేది స్త్రీల సమాజం వారే. పోయిన ఏడు ఆ లెక్క రాసింది పెద్దమ్మ మనుమరాలు, డిగ్రీ రెండో సంవత్సరం చదివే పిల్ల. నోటుబుక్కులో ఆమె రాసిన పద్దులు చూశాను. కందులు, జొన్నలు, కోడిపుంజు ఒకటి, గుడ్లు, గుమ్మడికాయ, మళ్ళీ గుమ్మడికాయ, మళ్ళీ అదే. పక్కన బ్రాకెట్లో పాడినవాళ్ళ పేర్లు. అవి రిజిస్టరులో ఉన్న పేర్లా, బడిలో ఉన్న పేర్లా అని అడిగాను. “రెండూ కావాంటీ, మేము ఇంట్ల పిలుచుకునే పేర్లు” అంది.

ఆ డబ్బుతో చర్చి వెనకాల, ప్రేమ విందు వండుకోవడానికి ఒక రేకుల పాక వేశారు. అంతకుముందు వేపచెట్టు కింద, ఎండలోనే వండేవారు.